గుర్తొచ్చిందామ్మా

పాస్‌వర్డ్ మర్చిపోయానని డిజైనక్క చెప్పిన మాట పచ్చి అబద్ధం. అబద్ధం చెప్పడంలో ఇంత హాయి ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

అప్పుడామె దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎంబ్రాయిడరీ మిషను ఒక పువ్వు కుట్టి పక్క పువ్వు మీదికి దూకేటప్పుడు మధ్యలో దారపు తోకలు వదిలేస్తుంది. వాటిని ఒక్కొక్కటే పైకి లాగి, గుడ్డకు తగలకుండా, మొదలంటా కత్తిరించాలి. ఆ బల్ల మీదున్న కత్తెరలన్నీ మొద్దుబారినవే. మొదటి నొక్కుకు దారం నలుగుతుంది, రెండో నొక్కుకు తెగుతుంది. టక్ టక్, టక్ టక్. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి చేతులూ రోజంతా అదే తాళం వేస్తుంటాయి. డిజైన్లు గీసే కుర్చీ నుంచి రెండు నెలల కిందట ఈ బల్లకు వచ్చిన కొత్తలో డిజైనక్క చెయ్యి తడబడేది. ఇప్పుడు ఆమె చూడకపోయినా చెయ్యి దానంతటదే రెండుసార్లు నొక్కుతుంది.

యజమాని తలుపు దగ్గరే నిలబడి కేకేశాడు.

"ఏమ్మా, కంప్యూటర్‌లో డిజైన్లు దాచిన ఆ పెట్టె పాస్‌వర్డ్ ఓసారి వచ్చి కొట్టిపో. కొత్త కంప్యూటర్ అడుగుతోంది."

ఆమె చేతిలోని దారం తెంపింది. తెగిన ముక్కను మోకాలి మీద నుంచి దులిపింది.

"మర్చిపోయాను సార్."

"మర్చిపోవడమేంటి? పొద్దున్నే రాగానే రోజూ కొట్టేదానివిగా."

"కొట్టేదాన్ని సార్. ఇప్పుడు కొట్టట్లేదుగా. అల్లుడుగారు రాగానే నేను పనికిరానని మీరే ఇటు కూర్చోబెట్టారు."

బల్ల చివర ఎవరో దగ్గినట్టు నవ్వారు. యజమాని మొహం ఒక్క క్షణం ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. అవసరం ఉన్నవాడి కోపం ఎక్కువసేపు నిలవదు. "సరే, ముందు లోపలికి రా" అని వెళ్ళిపోయాడు.

లోపల కొత్త కంప్యూటర్ ముందు యజమాని అల్లుడూ, కంప్యూటర్లు బాగుచేసే మనిషీ కూర్చుని ఉన్నారు. బల్ల మీద కొత్తగా అచ్చయి వచ్చిన కార్ఖానా డిజైన్ల రంగుల పుస్తకం పడి ఉంది. అట్ట మీద డిజైనక్క గీసిన తీగ. ఆకు మీద వెలుగు పడినట్టు కనిపించాలని కుట్టు ఎటు నుంచి ఎటు పోవాలో ఆమె వారం రోజులు కూర్చుని తేల్చిన తీగ. దాని కింద నల్లటి అక్షరాల్లో అల్లుడి పేరూ, పక్కన అల్లుడి ఫొటో. ఫొటోలో ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. ఏం ఆలోచిస్తున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

"హోటల్ వాళ్ళకి ఆ తీగే కావాలిట" అన్నాడు యజమాని. "దుప్పట్ల మీద ఉన్నదాన్ని పరదాలంత పెద్దది చెయ్యమంటున్నారు. శుక్రవారం వాళ్ళ మేడం వచ్చి నమూనా చూస్తుంది."

"మిషన్‌లో ఉన్నదాన్ని సాగదీసి చూశాను మావయ్యా" అన్నాడు అల్లుడు, తల ఎత్తకుండా. "కుట్ల మధ్య సందులు పడుతున్నాయి. పెట్టెలో ఉన్న అసలుది కావాలి."

సాగదీసిన ముక్క కుర్చీ వీపు మీద వేలాడుతోంది. ఆకుల మధ్య నుంచి గుడ్డ కనిపిస్తోంది. డిజైనక్క దానివైపు చూసి, అయ్యో పాపం అనుకుంది. ఆకుల గురించే అనుకుంది, అల్లుడి గురించి కాదు.

"మరి దీన్ని తెరిచే దారేదో చూడవయ్యా" అని యజమాని కంప్యూటర్ మనిషి మీద పడ్డాడు.

"దారి లేదు సార్. తయారుచేసిన కంపెనీ వాళ్ళు దిగొచ్చినా తెరవలేరు. మీరే అలాంటిది కావాలన్నారు."

"నేనా?"

"మీరే సార్. ఎప్పుడైనా మర్చిపోతే అక్కరకొస్తుంది, ఇంకో తాళంచెవి తీసి ఇస్తాను, ఇంట్లో దాచుకోండి అన్నాను. రెండో తాళంచెవి ఉంటే రెండో దొంగ పుడతాడన్నారు. ఈవిడ ఎదురుగానే అన్నారు."

అన్న మాట నిజమే. పనివాళ్ళందరూ డిజైన్లు ఎత్తుకుపోయి పక్క కార్ఖానాకు అమ్ముకుంటారని ఆయనకు ఎప్పుడూ అనుమానమే. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే, కాకపోతే గోతికి గట్టి మూత కూడా ఆయనే పెట్టించుకున్నాడు. డిజైనక్క నవ్వు రాకుండా పెదవులు బిగబట్టింది.

"కొంచెం గుర్తు తెచ్చుకోమ్మా" అన్నాడు యజమాని. ఆమెతో ఆయన ఈ గొంతుతో మాట్లాడటం ఇదే మొదలు.

"ప్రయత్నిస్తాను సార్" అని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి చెప్పగానే అత్త చిక్కుళ్ళు ఒలుస్తున్న చెయ్యి ఆపి, పీట జరుపుకుని కూర్చుంది. కోడలి పగను తన పగగా చేసుకోవడంలో ఆవిడకు సాటి లేదు. కోడలి మీద పగపట్టే పని ఎప్పుడో విసుగొచ్చి మానేసింది, ఖాళీగా ఉన్న ఆ నైపుణ్యమంతా ఇప్పుడు ఇలా అక్కరకొచ్చింది.

"అయితే నీకు గుర్తుందన్నమాట."

"ఎందుకుండదు అత్తయ్యా? నా వేళ్ళకే గుర్తుంది."

"చెప్పకు. ఇంకా నానబెట్టు. అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. వీడెంత?"

"అంటే నేను గాడిదనా?"

"మాట వరసకన్నానే తల్లీ. ఇంతకీ నీకేం కావాలి? మళ్ళీ ఆ కుర్చీయా?"

డిజైనక్క చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆలోచించింది. కుర్చీ కాదు. కుర్చీ ఇస్తారు, అల్లుడి పక్కన ఒక మూలన వేసి ఇస్తారు. ఆ పుస్తకం అట్ట గుర్తొచ్చేసరికి ఈనెతో పాటు కాయనూ తుంచేసింది.

"ఆయన దారాల బల్ల దగ్గరికి రావాలి. అందరూ వింటుండగా, ఈ డిజైన్లన్నీ నావేనని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. ఆ మాట అన్న మరుక్షణం నాకు గుర్తొస్తుంది."

"అంటాడంటావా?"

"అనిపిస్తాను."

"శభాష్. పగంటే పాలల్లో తోడేసినట్టుండాలి. మధ్యలో కదిపావంటే పాడైపోతుంది." అత్త మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది. "ఇంతకీ ఆ పాస్‌వర్డేంటే?"

డిజైనక్క చెప్పలేదు. అత్త పొద్దున లేచింది మొదలు పాలవాడి మీదా, కుళాయి మీదా, కొడుకు మీదా ధారాళంగా వాడే తిట్టే ఆ పాస్‌వర్డ్. యజమాని సంపదంతా ఇన్నేళ్ళుగా ఆ తిట్టు కింద భద్రంగా ఉంది.

మర్నాటి నుంచి ఆమెకు మర్యాదలు మొదలయ్యాయి. దారాల బల్ల దగ్గర అందరికీ స్టూళ్ళుంటే ఆమెకొక్కదానికీ వీపు ఆనే కుర్చీ వచ్చింది. టీ ఆమె దగ్గరికే వచ్చింది. మధ్యాహ్నం యజమాని భార్య స్వయంగా వచ్చి, డబ్బాలో పెట్టిన కొత్త కత్తెర చేతిలో పెట్టింది. "ఇన్నాళ్ళూ ఆ మొద్దు కత్తెరతోనా పని చేసింది? మాకు చెప్పొద్దూ?" అంది, ఎవరో పరాయివాళ్ళు ఇచ్చిన కత్తెర అన్నట్టు. డిజైనక్క దాన్ని పక్కన పెట్టుకుని పాత కత్తెరతోనే పని చేసింది. లంచం పుచ్చుకున్నట్టు ఉంటుందని కొత్తది ముట్టుకోలేదు.

"గుర్తొచ్చిందా?" అని యజమాని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

"నాలిక చివర ఆడుతోంది సార్. బయటికి రావట్లేదు."

ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన మొహం వెలిగి ఆరిపోవడం చూసి ఆమె లోలోపల గంతులేసింది. ఇంత దుర్మార్గం తనలో ఎక్కడ దాక్కుని ఉందోనని ఒకపక్క ఆశ్చర్యం కూడా వేసింది. అయినా తగ్గలేదు. ఆ రెండో రోజు సాయంత్రం ఆయన బెదిరించి కూడా చూశాడు. జీతం తిని దొంగతనం చేసినట్టే అన్నాడు, కోర్టు అన్నాడు. "మతిమరుపుకి కోర్టులో శిక్షుందా సార్?" అని ఆమె అమాయకంగా అడిగితే గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కునే చోట సూదిమామ ఆమె పక్కన నిలబడ్డాడు. మిషన్ల దగ్గర ఆయనే పెద్ద. ఎక్కడ సూది విరిగినా చప్పుడు విని ఏ మిషన్‌దో చెప్పగలడని ఆయనకా పేరు.

"అమ్మాయ్, నువ్వు మర్చిపోయావో లేదో నేనడగను" అన్నాడు, సబ్బు నురగ వైపు చూస్తూ. "అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి, నేను నమ్మాలి. ఇద్దరికీ కష్టం. ఒక్కటే చెప్తాను. ఈ ఆర్డరు పోతే రెండో షిఫ్టు ఆపేస్తాడు. ఆ షిఫ్టులో ఉన్నవాళ్ళు పుస్తకం మీద నీ పేరు కొట్టెయ్యలేదు."

డిజైనక్క కూడా సబ్బు అందుకుంది. చేతులు ఎక్కువసేపు కడుక్కుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, తన మంట వీళ్ళకేం తెలుసని ముందు విసుక్కుంది. తర్వాత రెండో షిఫ్టులో బాబిన్లు చుట్టే పిల్ల మొహం, కిందటి నెల పెళ్ళి చేసుకున్న ఆపరేటర్ మొహం వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. రేపొక్క రోజు చూద్దాం, రేపటికీ ఆయన నోరు తెరవకపోతే తనే తెరిచి పారేద్దాం అనుకుంది. ఈ సంగతి అత్తకు మాత్రం చెప్పలేదు.

గురువారం ఆయనే వచ్చాడు.

పదకొండింటికి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్ళ చేతులు ఆగలేదు కానీ తాళం నెమ్మదించింది. ఆయన ఒకసారి గొంతు సవరించుకుని, ఎవరివైపూ చూడకుండా, బల్ల మధ్యలో పడున్న దారపు ముక్కల కుప్పతో చెప్పినట్టు చెప్పాడు.

"చూడండమ్మా. ఈ తీగ ఒక్కటే కాదు, మనం కుడుతున్న డిజైన్లన్నీ ఈవిడ చేతి పనే. పుస్తకం మీద పేరు తప్పు పడింది. ఆ సంగతి నాకూ తెలుసు, మీకూ తెలుసు."

కత్తెరలన్నీ ఆగిపోయాయి. హాలు చివర సూదిమామ ఏం చేశాడో, మిషన్లు కూడా ఒక్కసారి ఆగిపోయాయి. డిజైనక్క చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. ఆ మాట వింటే గర్వంగా ఉంటుందనుకుంది, ఏడుపొచ్చింది. లేచి, ఒళ్ళో నూగు దులుపుకుని, "ఇప్పుడు గుర్తొచ్చింది సార్" అంది.

లోపల అల్లుడు లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చుంది. కీబోర్డు కొత్తది. నొక్కితే చప్పుడు లేదు, మీటల మధ్య మరక లేదు. పాతదాని సందుల్లో ఇన్నేళ్ళ దారపు నూగు దూదిలా పేరుకుని ఉండేది. వారానికోసారి సూదితో గీకి తీసేది. దాన్ని పాత కంప్యూటర్‌తో పాటే పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. ఆమె వేళ్ళు మీటల మీద ఆనించి, కళ్ళు మూసుకుని, అత్తను తలుచుకుని కొట్టేసింది. తెర మీద నల్ల చుక్కలు వరసగా పడ్డాయి.

తప్పు అంది కంప్యూటర్.

మళ్ళీ కొట్టింది. తప్పు. ఈసారి ఒక్కొక్క అక్షరమే చూసి, నెమ్మదిగా కొట్టింది. వేలు ఎక్కడ ఎలా పడాలో అలాగే పడింది. తప్పు. అత్త తిట్టు పనిచేయకపోవడం ఇదే మొదటిసారి.

"ఇంకొక్కసారి తప్పయితే గంటసేపు ఆగాలి" అన్నాడు అల్లుడు.

ఇంకొక్కసారి కూడా తప్పయింది.

ఆమె వేళ్ళు మీటల మీద నుంచి తీసేసింది. ఇన్ని రోజులూ ఆ పెట్టెలో ఉన్నది యజమాని సొత్తనే అనుకుని సంతోషపడింది. అందులో ఉన్నవన్నీ తన గీతలు. ఆకు గీయడం చేతకానప్పుడు గీసిన మొదటి వంకర ఆకు నుంచి, ఈ తీగ దాకా, తొమ్మిదేళ్ళ తన చెయ్యి. తలుపు వేసి బయట నిలబడి యజమానిని వెక్కిరిస్తున్నాననుకుంది గానీ, తనూ బయటే ఉన్నానని ఇప్పుడే తెలిసింది.

"నిజంగానే రావట్లేదు సార్" అంది. గొంతు తనకే వింతగా వినిపించింది. అబద్ధమాడినప్పుడు నమ్మిన మనిషి, నిజం చెబితే నమ్మలేదు.

"అయితే ఈ నాటకం కోసమా నా చేత అంత మాట అనిపించావు?" యజమాని లేచి నిలబడ్డాడు. "నీ చేతి పనేనట! జీతమిచ్చి గీయించుకున్నవాణ్ణి నేను. తెరుస్తావు కదాని ఏదో నోటికొచ్చింది అన్నాను. పో, పోయి దారాలు కత్తిరించుకో."

అక్కడితో ఊరుకోలేదు. తలుపు తీసి హాల్లోకి వినబడేలా అన్నాడు. "ఇందాక నేనన్న మాట ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. అవసరానికి అన్నది."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. ఈయన ఏరు దాటకముందే తగలేశాడు.

డిజైనక్క బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. పక్కనున్నావిడ కుర్చీని కాస్త వెనక్కి జరిపి, కూర్చోమన్నట్టు చెయ్యి వేసింది. పాత కత్తెర ఎవరో తీసుకున్నట్టున్నారు, కనిపించలేదు. ఆమె డబ్బా తెరిచి కొత్త కత్తెర తీసింది. ఇక దేనికీ పట్టింపు లేదు. దుప్పటి ఒళ్ళోకి లాక్కుని, దారపు తోక పట్టుకుని నొక్కింది.

టక్ టక్.

దారం మొదటి నొక్కుకే తెగిపోయింది. రెండో నొక్కు ఉత్త గాలిని కోసింది. ఇంకో దారం పట్టుకుంది. మళ్ళీ అంతే. మొదటిదానికే తెగింది, అయినా చెయ్యి ఆగకుండా రెండోది నొక్కేసింది. ఆమె చేతిని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంది.

నూగు పట్టిన ఆ పాత కీబోర్డులో ఒక మీట ఎప్పుడూ ఒక దెబ్బకు పలికేది కాదు. తిట్టు చివర్లో వచ్చే మీట. రెండుసార్లు కొడితేనే ఒక అక్షరం పడేది. కొట్టీ కొట్టీ వేలికి అదే అలవాటై, రెండుసార్లు కొడుతున్నానన్న సంగతే ఆమె మర్చిపోయింది. కొత్త కీబోర్డు బంగారు తల్లి, కొట్టిన ప్రతి దెబ్బనూ నమ్మింది. ఒక చుక్క ఎక్కువ పడింది. చుక్కలు ఎవరు లెక్కపెట్టుకుంటారు?

ఆమె కత్తెర కింద పెట్టింది. గంట ఆగి, ఆ ఒక్క మీటను ఒక్కసారే నొక్కితే చాలు. తన వంకర ఆకూ, తన తీగా అన్నీ తెర మీదికి వచ్చేస్తాయి. ఆమెకు నిజంగానే వాటిని చూడాలనిపించింది, ఊరెళ్ళిన పిల్లల్ని చూడాలనిపించినట్టు. సూదిమామ మాట గుర్తుంది. రెండో షిఫ్టు గుర్తుంది. లేచి యజమాని గదివైపు నడిచింది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన ఫోన్లో ఉన్నాడు.

"అయ్యో, అలా ఏం లేదండీ మేడం. రేపు రండి. ఆ తీగ మా అల్లుడే స్వయంగా గీశాడండీ, రక్తంలోనే ఉంది కళ. పెద్దది చెయ్యడం ఎంతసేపు?"

డిజైనక్క తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఆ తీగ ఆమెదేనని ఆయన తన నోటితో ఒప్పుకుని ఇంకా గంటైనా కాలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం కంటే చల్లటిదేదో వచ్చి లోపల కూర్చుంది, ఇక కదలనన్నట్టు. ఫోను పెట్టేదాకా ఆగి లోపలికి వెళ్ళింది.

"తీగ మళ్ళీ గీస్తాను సార్."

ఆయన తల ఎత్తాడు. అల్లుడు కూడా.

"పరదా కొలతకే, కొత్తగా. సాయంత్రానికి ఒక కొమ్మ పూర్తి చేస్తాను. పొద్దున్నే సూదిమామ మిషనెక్కిస్తాడు. ఆవిడకి నమూనా చాలు."

"మరి ఇన్ని రోజులూ ఈ మాట చెప్పలేదేం?" ఆయన గొంతులో ప్రాణం లేచొచ్చింది.

"రెండు సంగతులున్నాయి సార్. హోటలావిడకి నేనే చూపిస్తాను. ప్రతి పరదా మూలనా నా పేరు కుడుతుంది మిషను."

"పరదా మీద పేరేంటమ్మా? ఎక్కడైనా ఉందా?"

"చిన్నదే. గుడ్డ రంగు దారంతోనే. చూడాలనుకున్నవాళ్ళకే కనిపిస్తుంది." ఆమె తలుపువైపు తిరిగింది. "వద్దంటే మానెయ్యండి. అల్లుడుగారి రక్తంలోనే ఉందిగా, ఆయనే గీస్తారు."

"ఆగు ఆగు" అన్నాడు యజమాని. అల్లుడు అప్పటికే కుర్చీలోంచి లేచాడు. "కూర్చోండి" అన్నాడు ఆమెతో, మొదటిసారి మీరంటూ. పాపం, అతనికే అందరికంటే ఎక్కువ ఊరట కలిగినట్టుంది.

ఆమె కూర్చుని తెల్లటి తెర మీద మొదటి గీత గీసింది. పాత తీగ జ్ఞాపకం ఉంది గానీ చెయ్యి దాని వెంట పోలేదు. రెండు నెలలు దారపు తోకలు కత్తిరించిన చెయ్యి అది. ఎక్కడ మిషను దూకితే తోక మిగులుతుందో ఇప్పుడు దానికి తెలుసు. ఆకు నుంచి ఆకుకి దూకకుండా, కాడ కిందుగా నడుచుకుంటూ పోయే తీగను గీసింది. దారాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి పని సగం తగ్గుతుంది.

శుక్రవారం హోటలావిడ వచ్చి, గుడ్డను ముందు తిరగేసి వెనకవైపు చూసింది. తెలిసినవాళ్ళు అలాగే చూస్తారు. తర్వాత ముందువైపు వేలితో ఆకుల మీద రాసింది.

"పాతదానికంటే ఆకులు మారాయే."

"పెరిగాయండీ" అంది డిజైనక్క.

ఆవిడ నవ్వి, మూలన ఉన్న పేరు దగ్గర ఆగి, గుడ్డను వెలుగులోకి వంచి చదివింది. "ఇదెవరు?" అంది. యజమాని నోరు తెరిచాడు. ఆ పేరు పక్కన ఇంకెవరి పేరూ పట్టే చోటు లేదు. "ఈవిడేనండీ" అన్నాడు. ఆర్డరు ఖాయమైంది.

"మరి ఆ పెట్టె?" అని రాత్రి అన్నాల దగ్గర అత్త అడిగింది. "ఎప్పుడు తెరుస్తావు?"

డిజైనక్క కంచంలో అన్నం కలుపుతూ కూర్చుంది. పాత గీతల్ని ఒక్కసారి చూడాలని ఇంకా అనిపిస్తూనే ఉంది. కానీ అవి బయటికొస్తే మళ్ళీ ఎవరి ఫొటో కింద నిలబడాలో ఆమెకు తెలుసు. అత్త ఆమె మొహంలోకి కాసేపు చూసి, ఇంకో ముద్ద వడ్డించి, తనకు తెలియకుండానే ఆ తిట్టుతోనే మెల్లగా యజమానిని తిట్టింది. డిజైనక్కకు పొలమారింది.

శనివారం పొద్దున ఆమె కిటికీ దగ్గర నిలబడి, మిషన్ మీద నుంచి దిగిన మొదటి పరదాకి మిగిలిన నాలుగు తోకలు తనే కత్తిరిస్తోంది. యజమాని వచ్చాడు. నిన్న దక్కిన ఆర్డరు సంతోషం మొహంలో ఉంది. అయినా కళ్ళు మాత్రం మూలనున్న కంప్యూటర్ మీదికే పోతున్నాయి. తొమ్మిదేళ్ళ సంపద అందులోనే ఉంది మరి. చేతిలో టీ గ్లాసు, ఆమెకే తెచ్చాడు.

"గుర్తొచ్చిందామ్మా?" అన్నాడు, ఎంతో మెత్తగా.

ఆమె దారం పైకి లాగి, ఒక్క నొక్కుకే కత్తిరించి, చెయ్యి అక్కడే ఆపింది.

"ఇంకా లేదు సార్. రేపడగండి."